మొహం చూసి దారిచ్చే యంత్రం... మాట మాత్రం అడగదు!

పుట్టపర్తి బజారులో తెల్లచీర కట్టుకుని కూరగాయలు బేరమాడే విదేశీ వనితను చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. దశాబ్దాలుగా ఆ వూరికి అలవాటైన దృశ్యమే అది. అదే వూరి బస్టాండులో మరో దృశ్యం కూడా కనిపిస్తుంది. పక్క పల్లె నుంచో, కదిరి వైపు నుంచో వచ్చిన ఓ ఇల్లాలు చేతిలో సంచి, గుండెల్లో గుబులు పెట్టుకుని బెంగళూరు బస్సు కోసం ఎదురుచూస్తుంటుంది. వానలు మొహం చాటేసి, వేరుశనగ చేతికందకపోతే అప్పు తీర్చడానికి కువైట్ దారి పట్టే ఆడవాళ్లు ఈ కరువు సీమలో తక్కువేం కాదు.

ఒకరు వచ్చేవారు, ఇంకొకరు వెళ్లేవారు. ఇద్దరూ ఇప్పుడు దేశం గడప దగ్గర కెమెరా ముందు నిలబడాల్సిందే. పాస్‌పోర్టులో ఉన్న మనిషి, ఎదురుగా ఉన్న మనిషి ఒకరేనా అని తేల్చే పని చాలాచోట్ల యంత్రం చేతికి వెళుతోంది. మరి ఇందులో మనం తెలుసుకోవాల్సింది ఏమిటి?

గుర్తుపట్టడం కాదు, పోల్చడం

తల్లి బిడ్డను గుర్తుపట్టినట్టు యంత్రం గుర్తుపట్టదు. మన ముఖాన్ని ఒక అంకెల వరుసగా మార్చుకుంటుంది. పాస్‌పోర్టులో ఉన్న ఫొటోనో, మనం ముందే ఇచ్చిన ఫొటోనో కూడా అలాగే మారుస్తుంది. రెండు వరుసలూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తుంది. నిర్ణయించిన హద్దుకు చేరితే తలుపు తెరుచుకుంటుంది. లేకపోతే లేదు. అంతే!

మన దేశంలో 2022 డిసెంబరు 1న మొదలైన డిజియాత్ర గురించి వినే ఉంటారు. ఢిల్లీ, బెంగళూరు, వారణాసి విమానాశ్రయాల్లో మొదలైంది. అది దేశంలో తిరిగే విమానాలకు. ఇష్టమైన వాళ్లే వాడుకోవచ్చు. విదేశాలకు వెళ్లివచ్చే వారి కోసం 2024 జూన్ 22న ఢిల్లీలో మరో పథకం మొదలైంది. 2025 జనవరి 16 నుంచి బెంగళూరు, హైదరాబాద్, చెన్నై విమానాశ్రయాలకూ వచ్చింది. భారతీయులు, ఓసీఐ కార్డున్న వారు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకుని, ముఖం, వేలిముద్రలు ఒకసారి ఇస్తే ఆ తరువాత ఇమ్మిగ్రేషన్ క్యూలో నిలబడకుండా యంత్రపు తలుపు గుండా వెళ్లిపోవచ్చు. రుసుము లేదు.

బయటి దేశాల్లోనూ ఇదే గాలి. యూరప్‌లోని షెంజెన్ దేశాలు 2025 అక్టోబరు 12 నుంచి బయటివారి ముఖం, వేలిముద్రలు నమోదు చేసుకోవడం మొదలుపెట్టాయి. కువైట్ అయితే తన గడ్డ మీద ఉన్న ప్రవాసులంతా బయోమెట్రిక్ వివరాలు ఇచ్చి తీరాలని 2024 డిసెంబరు 31ని గడువుగా పెట్టింది.

యంత్రానికీ పక్షపాతమా?

మనుషులే మొహం చూసి బొట్టు పెడతారు, యంత్రానికి ఆ తేడాలెందుకుంటాయి అనుకుంటాం. కానీ ఉన్నాయి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2019లో చాలా ప్రోగ్రాములను పరీక్షించింది. ఒకరిని చూసి మరొకరనుకునే పొరపాటు మగవాళ్ల కంటే ఆడవాళ్ల విషయంలో ఎక్కువగా జరుగుతోందని తేల్చింది. దేశాన్ని బట్టి, వయసును బట్టి కూడా తేడాలు కనిపించాయి. అన్ని ప్రోగ్రాములూ ఒకలా లేవు. బాగా పనిచేసే వాటిలో తేడా చాలా తక్కువ. ఎలాంటి ఫొటోలు చూపించి నేర్పితే, యంత్రానికి అలాంటి చూపే అబ్బుతుంది మరి!

మంచి కూడా ఉంది సుమా. కాయ పీకి, అంట్లు తోమి అరిగిపోయిన వేళ్లను వేలిముద్రల యంత్రం ఒక్కోసారి పట్టుకోలేదు. అలాంటి శ్రామిక మహిళకు ముఖమే ఆసరా అవుతుంది. మనం పారేసుకున్న పాస్‌పోర్టుతో ఇంకొకరు దేశం దాటడం కూడా కష్టమవుతుంది.

అడగని ప్రశ్న

అసలు చిక్కు ఇక్కడుంది. 'ఈమె ఆమేనా?' అన్న ఒక్క ప్రశ్నకే యంత్రం జవాబు చెబుతుంది. 'ఎక్కడికి వెళుతున్నావమ్మా? ఎవరు పంపిస్తున్నారు? చేతిలో ఉన్నది పనిచేసే వీసాయేనా?' అని అడగదు. ఇంటిపని ఇప్పిస్తామని చెప్పి విజిట్ వీసా చేతిలో పెట్టే ఏజెంట్లున్న రోజులివి. అలా వెళుతున్న మనిషి ముఖం కూడా పాస్‌పోర్టుతో చక్కగా సరిపోతుంది! ఆ క్షణంలో ఆమెను ఆపి, నాలుగు మాటలు అడిగే అధికారి ఉంటేనే ఆమెకు రక్ష.

పదో తరగతి పాసవని వారికి ఇచ్చే ఈసీఆర్ పాస్‌పోర్టుతో గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు తప్పనిసరి. ఇంటిపనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండాలి. ముఖం సరిపోయినంత మాత్రాన ఇవి మాఫీ కావు. పేరు మార్చి కొత్త పాస్‌పోర్టు ఇప్పిస్తామనే వారి మాట అసలే నమ్మకండి. పేరు మారుతుంది గానీ ముఖం మారదు కదా!

ఇంకో సంగతి. తాళంచెవి పోతే తాళం మార్చుకుంటాం. ముఖాన్ని మార్చుకోలేం. మన ముఖం వివరాలు ఎవరి దగ్గర, ఎన్నాళ్లుంటాయో అడిగే హక్కు మనకుంది. డిజియాత్రలో విమానాశ్రయానికి ఇచ్చిన వివరాలు ప్రయాణమైన 24 గంటల్లో తొలగిస్తామంటారు. యూరప్ మాత్రం సాధారణంగా మూడేళ్లు దాచుకుంటుంది.

ప్రయాణానికి ముందు...

* పాస్‌పోర్టు ఫొటోకీ, ఇప్పటి రూపానికీ బాగా తేడా వస్తే కొత్తది తీసుకోండి.

* కెమెరా ముందు కళ్లద్దాలు, మాస్కు తీసేయండి. ముఖం మీదికి వచ్చిన జుట్టు, కొంగు సర్దుకోండి. నవ్వకుండా తిన్నగా చూడండి.

* తలుపు తెరుచుకోకపోతే కంగారు పడకండి. మీరు తప్పు చేసినట్టు కాదు. మనిషి ఉన్న కౌంటరుకు వెళ్లి కాగితాలు చూపించండి.

* ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో పిల్లల చేత చూపించుకోండి.

* పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం నకళ్లు ఇంట్లో ఒక సెట్టు ఉంచండి.

బస్టాండులో సంచి పట్టుకుని నిలబడ్డ ఆ ఇల్లాలికి ఈ నాలుగు ముక్కలూ ఎవరైనా ముందే చెబితే ఎంత బాగుండు! మీ వీధిలోనో, మీ చుట్టాల్లోనో విదేశానికి బయలుదేరే ఆడకూతురు ఉంటే, అల్లం, ఊరగాయ సర్దిపెట్టేటప్పుడే వీసా కాగితం కూడా ఒకసారి చదివిపెట్టండి. యంత్రం అడగని ప్రశ్నలు మనమైనా అడగాలి కదా!