కడగకూడని రాయి

పిల్లలూ! మట్టి అంటుకున్న రాయి ఒకటి దొరికితే మనం ముందు ఏం చేస్తాం? కుళాయి కింద పెట్టి కడిగేస్తాం. కానీ ఆకాశం నుంచి పడిన రాయిని అలా కడగకూడదు. ఎందుకో చూద్దామా?

2021 ఫిబ్రవరి 28 రాత్రి ఇంగ్లండులోని వించ్‌కూంబ్ అనే ఊళ్లో, ఒక ఇంటి ముందు ఉల్కాశిల పడింది. పడగానే చితికిపోయి బొగ్గుపొడిలా చెల్లాచెదురైంది. ఇంటివాళ్లు మర్నాడు పొద్దున్నే దాన్ని ఏరి సంచుల్లో దాచారు. అప్పటికింకా వాన పడలేదు. అదే అదృష్టం!

ఈ రాయి బరువులో సుమారు 11 శాతం నీరే! అయితే పిండితే కారే నీరు కాదు. బంకమట్టి లాంటి ఖనిజాల్లో ఇమిడిపోయిన నీరు. అది దాదాపు 460 కోట్ల ఏళ్ల నాటి గ్రహశకలం నుంచి వచ్చింది. దాని లక్షణాలు మన సముద్రపు నీటిని పోలి ఉన్నాయి. భూమికి నీళ్లు తెచ్చింది ఇలాంటి రాళ్లేనా? శాస్త్రవేత్తల పెద్ద ప్రశ్న ఇదే. మనం కుళాయి నీళ్లు పోస్తే రాయి వాటిని పీల్చుకుంటుంది. అప్పుడు ఏది దాని నీరు, ఏది మన నీరు? పైగా లోపలి లవణాలు కరిగిపోతాయి, ఇనుము తుప్పు పడుతుంది.

గాలిలోని తేమ కూడా దీనికి శత్రువే. వేయించిన అప్పడాల డబ్బాకి మూత పెట్టకపోతే అవి మెత్తబడతాయి కదా, అలాగన్నమాట! అందుకే ఇలాంటి రాళ్లను తేమ లేని నైట్రోజన్ వాయువు నింపిన పెట్టెల్లో ఉంచుతారు.

మరి లోపల ఏముందో చూడాలంటే? కోయబోతే పొడైపోతుంది. కాబట్టి ఒక చిన్న ముక్కను మాత్రం తీసుకుని, దానిలోని గాలిని లాగేసి, పల్చటి జిగురు ఇంకేలా చేస్తారు. జిగురు గట్టిపడ్డాక వజ్రపు పొడి అద్దిన సన్నటి రంపంతో కోస్తారు. రంపం వేడెక్కకుండా నీళ్లకు బదులు ఆల్కహాల్ లాంటి ద్రవం వాడతారు. ఆ ముక్కను గాజుపలక మీద అతికించి 0.03 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా అరగదీస్తారు. అంటే వెంట్రుక కన్నా సన్నం! అప్పుడు వెలుగు రాయిలోంచి దూరి వస్తుంది. మైక్రోస్కోప్‌లో రంగురంగుల ఖనిజాలు కనిపిస్తాయి.

మిగతా రాయిని ముట్టుకోరు. రేపు మీరు పెద్దయ్యాక ఇంతకంటే మంచి పరికరాలు వస్తాయి. అప్పుడు అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పడానికి రాయి మిగిలి ఉండాలి కదా!

గుర్తుంచుకోండి: అలాంటి రాయి కనబడితే వట్టి చేత్తో పట్టుకోవద్దు. అయస్కాంతం పెట్టొద్దు, పెడితే రాయిలోని పాత అయస్కాంత గుర్తులు చెరిగిపోతాయి. ఫొటో తీసి, శుభ్రమైన సంచిలో పెట్టి, పెద్దవాళ్లతో మ్యూజియానికి కబురు చేయించండి.

కొత్త పదాలు
ఉల్కాశిల – ఆకాశం నుంచి భూమి మీద పడిన రాయి
తేమ – గాలిలో, వస్తువుల్లో ఉండే నీటి అంశం
ఖనిజం – రాళ్లలో సహజంగా ఉండే పదార్థం

చెప్పండి చూద్దాం
1. వాన పడకముందే రాయిని ఏరడం ఎందుకు మంచిదైంది?
2. కోసే ముందు జిగురు ఎందుకు ఇంకిస్తారు?
3. మీ ఇంట్లో తేమ తగలకుండా దాచే వస్తువులు మూడు అమ్మనో నాన్ననో అడిగి తెలుగులో రాయండి.