హాట్ ఎందుకు హీట్ అయింది?

జమ్మలమడుగు దగ్గరి గండికోటకు వెళ్ళి అంచున నిలబడితే, ఎర్రమల కొండలను చీల్చుకుని పారే పెన్నానది ఎక్కడో అడుగున కనిపిస్తుంది. లోతు సుమారు 300 అడుగులు. ఈ లోయను గురించి ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాయమంటే, 'డెప్త్' అని రాయవలసిన చోట 'డీప్' అనీ, 'డీపర్' అంటే సరిపోయే చోట 'మోర్ డీపర్' అనీ రాసేవాళ్ళు చాలామంది ఉంటారు. ఇది బద్ధకం వల్ల వచ్చే తప్పు కాదు. నిజానికి తెలుగు బాగా వచ్చినందువల్ల వచ్చే తప్పు!

ఎలాగో చూడండి. లోతు, పొడవు, ఎత్తు, వెడల్పు, వేడి - ఇవన్నీ తెలుగులో మొదటినుంచీ నామవాచకాలే. వాటికి 'ఐన' చేర్చి లోతైన, ఎత్తైన అని విశేషణాలు చేసుకుంటాం. ఒక్కోసారి ఏమీ చేర్చకుండానే 'వేడి నీళ్ళు' అనేస్తాం. ఇంగ్లీషు ఇందుకు తలకిందులుగా నడుస్తుంది. అక్కడ ముందు పుట్టింది డీప్ అనే విశేషణం. దాని నుంచి డెప్త్ అనే నామవాచకాన్ని తయారు చేసుకున్నారు. 1820లో కడపకు వచ్చి తెలుగు నేర్చుకుని, 1852లో నిఘంటువులు అచ్చువేయించిన సి.పి. బ్రౌన్ వంటి వారికి కూడా ఈ చిక్కు తప్పదు. ఒక్క తెలుగు మాటకు ఎదురుగా రెండు ఇంగ్లీషు మాటలు రాసుకోవాలి గదా!

పోలిక చెప్పేటప్పుడూ ఇంతే. 'పాపఘ్ని కంటె పెన్న పెద్దది' అంటాం. పోలికను మోసేది 'కంటె' అన్న మాట. 'పెద్దది' మారదు. ఇంగ్లీషులో ఆ విశేషణమే మారి బిగ్ కాస్తా బిగ్గర్ అవుతుంది. చివరన చేరిన ఆ చిన్న 'అర్' పోలికను పూర్తిగా చెప్పినట్టు మన చెవికి అనిపించదు. అందుకే 'ఇంకా ఎక్కువ' అనే అర్థంలో ముందు 'మోర్' తగిలిస్తాం. షేక్స్పియర్ కాలంలో ఇంగ్లీషువాళ్ళే ఇలా రెండూ కలిపి వాడేవారు, ఆయన నాటకాల్లోనే ఉన్నాయి. తరువాతి వ్యాకరణకర్తలు దాన్ని తప్పన్నారు. మాట పొట్టిదైతే 'అర్', బ్యూటిఫుల్ లాగా పొడుగుదైతే 'మోర్' - ఏదో ఒకటే. గుడ్, బెటర్ వంటివి వేరే ధాతువుల నుంచి వచ్చాయి. వాటిని కంఠతా పట్టడమే.

ఇక అసలు విచిత్రానికి వద్దాం. వార్మ్‌కు 'థ్' చేర్చితే వార్మ్త్ అయింది. మరి లాంగ్‌కు చేర్చితే లాంగ్త్ కావాలి గదా, లెంగ్త్ ఎందుకయింది? స్ట్రాంగ్ ఎందుకు స్ట్రెంగ్త్ అయింది?

జవాబు పులివెందుల పేరులోనే ఉంది. ఆ పేరు 'పులిమందల' నుంచి వచ్చిందని చెప్పుకుంటారు. ఒక పులి సరే, ఎక్కువైతే ఏమంటాం? 'పులిలు' అనం, 'పులులు' అంటాం. అలాగే మనిషి - మనుషులు. చివర రాబోయే 'లు' లోని ఉకారం, ముందున్న ఇకారాన్ని తన వైపు లాక్కుంది. నోరు రాబోయే అచ్చుకు ముందే సిద్ధపడుతుందన్న మాట.

ఇంగ్లీషులోనూ జరిగింది ఇదే. ఈ 'థ్' ప్రత్యయానికి ముందు, చాలా కాలం కిందట, ఒక ఇకారం ఉండేది. ఇకారం పలికేటప్పుడు నాలుక ముందుకు జరుగుతుంది. దానికోసం నాలుక ముందుగానే జరగడంతో, వెనక పుట్టే అచ్చు కాస్తా ముందు పుట్టే 'ఎ'గా మారింది. కొంతకాలానికి ఆ ఇకారం మాయమైంది, అది చేసిన మార్పు మాత్రం మిగిలింది. డెప్త్, విడ్త్‌ల కథ వేరు: అక్కడ వెనక రెండు హల్లులు గుమికూడినందువల్ల దీర్ఘాచ్చు కుదించుకుపోయింది.

హాట్ నుంచి హీట్ పుట్టిందీ ఆ ఇకారం వల్లనే. దానికి 'థ్' కూడా లేదు, కేవలం అచ్చు ప్రత్యయమే ఉండేది. అదీ పోయింది!

కొన్ని పోలిక మాటల్లో కూడా ఇలాంటి ఇకారమే ఉండేది. అందుకే వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో లాంగ్‌కు 'లెంగ్ర', స్ట్రాంగ్‌కు 'స్ట్రెంగ్ర' అనేవారు. తరువాత జనం వాటిని సాపు చేసి లాంగర్, స్ట్రాంగర్ అన్నారు. పాత పద్ధతికి గుర్తుగా ఓల్డ్ నుంచి పుట్టిన ఎల్డర్ ఒక్కటి నిలిచింది, అదీ ఎక్కువగా 'ఎల్డర్ బ్రదర్' వంటి చోట్లనే. మనకు 'అన్న' అన్న మాట ఉంది కాబట్టి ఆ బాధే లేదు.

హీట్‌ను గురించి సైన్సు విద్యార్థులు ఇంకొక సంగతి గమనించాలి. మాట హాట్ నుంచే పుట్టినా, భౌతికశాస్త్రంలో రెండూ వేర్వేరు దారులు పట్టాయి. ఒక వస్తువు ఎంత హాట్‌గా ఉందో చెప్పేది ఉష్ణోగ్రత. హీట్ అంటే ఉష్ణం, అది ఒక శక్తి. ఎర్రగా కాలిన సూది, బిందెడు గోరువెచ్చని నీళ్ళ కంటె హాటర్. కాని రెండూ చల్లారేటప్పుడు ఎక్కువ హీట్ ఇచ్చేది బిందెలోని నీళ్ళే. తెలుగులో రెంటికీ 'వేడి' అనే అంటాం గనుక, 'ఈ రోజు ఉష్ణం 42 డిగ్రీలు' అని పరీక్షలో రాసేస్తారు. డిగ్రీల్లో కొలిచేది ఉష్ణోగ్రతను. ఉష్ణాన్ని కొలవడానికి జౌళ్ళు, కెలొరీలు ఉన్నాయి.

నామవాచకాలు చేయడానికి 'థ్' ఒక్కటే దారి కాదు. కొత్త మాటలకు దాన్ని చేర్చడం దాదాపు ఆగిపోయింది. ప్రొద్దుటూరు అంగళ్ళలో రెండు సరుకులు చూడండి. దూది సాఫ్ట్‌గా ఉంటుంది, దాని గుణం సాఫ్ట్‌నెస్. ఈ 'నెస్' సొంత ఇంగ్లీషు ప్రత్యయం, మన మంచితనంలోని 'తనం' వంటిది; దాదాపు ఏ విశేషణానికైనా అతుకుతుంది. బంగారం ప్యూర్, దాని గుణం ప్యూరిటీ. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తరువాత ఫ్రెంచి నుంచి వచ్చి చేరిన మాటల జాతి ఇది. పోలికలో మాత్రం ప్యూర్ అచ్చమైన ఇంగ్లీషు మాటలాగే నడుస్తుంది: 24 క్యారెట్ల బంగారం 22 క్యారెట్లదాని కంటె ప్యూరర్. 22ను 24తో భాగించి చూడండి, నగల మీద 916 అని ఎందుకు వేస్తారో తెలుస్తుంది.

ఇక గండికోట కొండ ఎత్తు. హై నుంచి వచ్చిన మాట హైట్. తక్కిన వాటిలో ఉన్న 'థ్' దీనిలో 'ట్' అయిపోయింది. 17వ శతాబ్దపు మహాకవి మిల్టన్ ఈ మాటను 'థ్'తోనే రాశాడు. ఇప్పుడు మీరు రాస్తే మాత్రం మార్కు పోతుంది.