గిన్నె కొలత, బిళ్ల లెక్క

దేవాలయమునకు పోయినపుడు వాకిట చెప్పులు విడిచి, కావలివానికి అప్పగించి, సంఖ్య వేసిన బిళ్ల నొకదానిని పుచ్చుకొందుము. దర్శనము చేసికొని వచ్చి, బిళ్ల నిచ్చి, మన చెప్పులు మనము తీసికొందుము. ఇంటివద్ద పాలవాడు వచ్చినపుడు గిన్నె ముందుంచి, ఎంత పోయవలెనో చెప్పుదుము. ఈ రెండు పనులలోను పొరపాటు జరుగుట అరుదు. గిన్నె యెంతదో పాలవానికి కనబడుచునే యుండును. బిళ్ల తిరిగి యిచ్చిన క్షణముననే అది మన చేయి విడిచిపోవును.

పాలవాడు గిన్నెను చూడక, మనము నోట చెప్పిన కొలత ప్రకారమే పోయుచు పోవునని యనుకొనుడు. బిళ్లతో పనిలేక, సంఖ్య చెప్పినంత మాత్రముననే కావలివాడు ఆ గడిలోని చెప్పులు తీసి యిచ్చునని యనుకొనుడు. అప్పుడేమి జరుగునో ఊహించుట కష్టము కాదు. వింతయైన విషయమేమనగా, బ్యాంకు లెక్కలను, ఆసుపత్రి పత్రములను, మన చేతిలోని ఫోనును నడుపు ప్రోగ్రాములలో పెక్కు అర్ధశతాబ్దముగా ఇట్టి యేర్పాటు మీదనే ఆధారపడి యున్నవి. దానిని సరిదిద్దుటకు ఇటీవలి కాలమున జరుగుచున్న కృషిని గూర్చి ఈ ప్రసంగమున తెలిసికొందము.

కంప్యూటరులో ఏ ప్రోగ్రామును తనంతట తాను డిస్కును గాని, నెట్‌వర్కును గాని తాకజాలదు. అట్టి పనులన్నియు ఆపరేటింగ్ సిస్టము యొక్క నడిబొడ్డున నుండు కెర్నెల్ అను భాగము చేతిలో నుండును. ఫైలు తెరువుము, చదువుము, వ్రాయుము, మూయుము అని ప్రోగ్రాము కెర్నెల్‌ను అడుగవలెను. ఈ అడుగుటకే సిస్టం కాల్ అని పేరు. నేటి లినక్సు కెర్నెల్‌లో ఇట్టి పిలుపులు మూడువందలకు పైగా గలవు. వీనిలో ముఖ్యమైనవాని రూపురేఖలు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో, 1970 ప్రాంతమున, కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అను వారు యూనిక్సును నిర్మించునపుడు ఏర్పడినవి. 1973లో యూనిక్సును రిచీ కల్పించిన సీ భాషలో తిరిగి వ్రాసిరి. ఆనాటి యంత్రములలో మెమరీ, అనగా ప్రోగ్రాము పనిచేయునపుడు సమాచారము నిలుపుకొను చోటు, మిక్కిలి కొంచెము. కావున పిలుపులను వీలైనంత పొదుపుగా రూపొందించిరి. ఆ పొదుపు ఆ కాలమునకు ఉచితమే.

చదువుట అను పిలుపునే చూతము. ప్రోగ్రాము మూడు సంగతులు చెప్పును: ఏ ఫైలు, మెమరీలో ఏ చోట పోయవలెను, ఎన్ని బైట్లు పోయవలెను. ఆ చోటు ఈ ప్రోగ్రాము ఇంటిలోనిదేనా యని కెర్నెల్ చూచును. కాని ఇంటిలో ఏ గిన్నె యెంతదో దానికి తెలియదు. నూరు బైట్ల గిన్నెను చూపి వేయి బైట్లు పోయుమన్నచో, అది తడుముకొనక పోయును. పొంగిన పాలు నేలపాలైనను కొంత నయమే. కంప్యూటరులో ప్రక్క పాత్రలోనికి పోవును. ఆ పాత్రలో ఒకరి ఖాతా నిలువ ఉండవచ్చును. లేదా, ఈ పని ముగిసిన పిదప యంత్రము ఎచ్చటికి పోవలెనో తెలుపు గుర్తే ఉండవచ్చును. ఆ గుర్తును చెరిపి తనకు వలసినది వ్రాయగలిగిన వానికి యంత్రము దాసోహమగును.

ఇది ఉత్త ఊహ కాదు. 1988 నవంబరు 2వ తేదీన, కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ టపన్ మోరిస్ వ్రాసిన ఒక ప్రోగ్రాము అమెరికా దేశపు కంప్యూటరులలో తనంతట తాను వ్యాపింప నారంభించినది. అది ఎన్నుకొన్న మార్గములలో ఒకటి, ఎవరెవరు యంత్రమును వాడుచున్నారో తెలుపు ఒక చిన్న సేవ. ఆ సేవలో గిన్నె 512 బైట్లది. మోరిస్ ప్రోగ్రాము 536 బైట్లు పంపినది. అదనపు ఇరువది నాలుగు బైట్లు పైన చెప్పిన గుర్తును మార్చివేసినవి. సుమారు ఆరువేల యంత్రములు దీని వాతబడినవని అప్పటి అంచనా. ఆ సేవ సమాచారమును తీసికొనుటకు సీ భాషలోని గెట్స్ అను సాధనమును వాడినది. గెట్స్‌కు గిన్నె చూపుటయే గాని, దాని కొలత చెప్పుటకు వీలే లేదు. ఎంత జాగరూకుడైనను దానిని క్షేమముగా వాడజాలడు. అయినను, అది సీ భాషా ప్రమాణము నుండి తొలగింపబడుటకు 2011వ సంవత్సరము దాక పట్టినది.

ఇక బిళ్ల సంగతి. ఫైలు తెరచినపుడు కెర్నెల్ ప్రోగ్రామునకు ఒక చిన్న సంఖ్య నిచ్చును. దానిని ఫైల్ డిస్క్రిప్టర్ అందురు. సున్న, ఒకటి, రెండు అను సంఖ్యలు వాడుకగా ముందే వినియోగములో నుండును. ఆ పిదప తెరచిన ప్రతి ఫైలునకు, ఖాళీగా నున్న సంఖ్యలలో మిక్కిలి చిన్నది లభించును. ఫైలు మూసినచో ఆ సంఖ్య ఖాళీయై, వెంటనే మరియొక ఫైలునకు పోవచ్చును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ఈ బిళ్ల ఇత్తడి బిళ్ల కాదు, వట్టి సంఖ్య. ఎవరైనను దానిని ఎన్ని చోట్లనైనను వ్రాసి పెట్టుకొనవచ్చును.

ప్రోగ్రాములోని రెండు భాగములు ఐదవ సంఖ్యను జ్ఞాపకముంచుకొన్నవనుకొందము. మొదటి భాగము పని ముగించి ఐదును మూసినది. ఇంతలో మూడవ భాగమొకటి ఖాతాల ఫైలును తెరచినది. దానికి ఐదవ సంఖ్యయే వచ్చినది. రెండవ భాగము, పాత ఫైలే యనుకొని, ఐదులో ఏదో దినచర్య వ్రాసినది. దినచర్య ఖాతాల నడుమ పడినది! కెర్నెల్ తప్పనదు, దాని దృష్టిలో ఐదు చెల్లుబాటగు సంఖ్యయే. ఇట్టి దోషము నెలల తరబడి నిద్రించి, రద్దీ హెచ్చిన యొక దినమున మేల్కొనును. వెదకబోయినచో మరల కనబడదు.

అయినచో తప్పెవరిది? చిరకాలము వచ్చిన సమాధానము, ప్రోగ్రాము వ్రాయువాడు జాగ్రత్తగా ఉండవలెనని. కాని 2019లో మైక్రోసాఫ్టు సంస్థవారు, తమ వస్తువులలో ఏటేట సరిదిద్దు భద్రతాలోపములలో నూటికి సుమారు డెబ్బది మెమరీకి సంబంధించినవేనని తెలిపిరి. 2020లో క్రోమియం బ్రౌజరు నిర్మాతలును తమ తీవ్రమైన లోపములను గూర్చి ఇంచుమించు అదే లెక్క చెప్పిరి. వీరు ఆ విద్యలో ఆరితేరినవారు, పరీక్షాసాధనములు పుష్కలముగా గలవారు. అట్టి చోటనే ఇట్లున్నప్పుడు, జాగ్రత్త యను హితబోధ చాలదని స్పష్టము. అడుగు పద్ధతియే మారవలెను.

మెమరీని తామే కనిపెట్టి చూచుకొను భాషలు చాల కాలము నుండి గలవు. కాని వానిలో పెక్కింటికి, వాడిన పాత్రలను ఏరి శుభ్రపరచు పనివాడొకడు ప్రోగ్రాము వెంట సదా తిరుగుచుండవలెను. ఆపరేటింగ్ సిస్టమునకు చేరువలో ఆ భారము తరచు పొసగదు. గ్రేడన్ హోర్ అను ఆయన 2006లో తన సొంత పనిగా ఆరంభించి, తరువాత మోజిల్లా సంస్థ చేయూతతో పెరిగి, 2015 మే 15న తొలి స్థిర రూపము పొందిన రస్ట్ అను భాష వేరొక దారి త్రొక్కినది. దాని మూలసూత్రము మన ఇండ్లలో తెలియనిది కాదు. ప్రతి వస్తువునకు యజమాని యొకడే. ఇతరులు దానిని ఎరువు తీసికొనవచ్చును. ఎరువిచ్చిన వస్తువు తిరిగి రానిదే యజమాని దానిని పారవేయరాదు. యజమాని పని ముగిసినచో వస్తువు తనంతట విడుదలయగును. ఈ నియమములు పాటింపబడినవో లేదో ప్రోగ్రాము నడచుటకు ముందే కంపైలర్ పరీక్షించును. తప్పు దొరలినచో ప్రోగ్రామును తయారు కానీయదు.

ఈ సూత్రమును కెర్నెల్ వాకిటికి తెచ్చినచో ఏమగునో చూడుడు. రస్ట్‌లో గిన్నెయు దాని కొలతయు ఒక్కటిగా ముడివడి యుండును. చదువు పిలుపునకు ఆ ముడినే అందింతుము. కొలతను వేరుగ చెప్పు పనియే లేదు. చెప్పుటయే లేనపుడు తప్పు చెప్పుటయు లేదు. బిళ్ల విషయమున 2022 ఆగస్టులో వెలువడిన 1.63వ కూర్పు రెండు విధములను నిర్ణయించినది: సొంత బిళ్ల, ఎరువు బిళ్ల. సొంత బిళ్లను మూయుట కిచ్చినచో, ఆ పిమ్మట దాని పేరెత్తిన కంపైలర్ ఒప్పుకొనదు. మూయుట మరచినను, యజమాని తప్పుకొనగనే అది మూతపడును. ఎరువు బిళ్లతో చదువవచ్చును, వ్రాయవచ్చును, మూయరాదు. అంతకు పూర్వము రస్ట్‌లో కూడ పెక్కుచోట్ల బిళ్ల వట్టి సంఖ్యగనే చెలామణి యయ్యెడిది. భాష మంచిదైనంత మాత్రమున వాకిలి దానంతట బాగుపడదని దీనివలన తెలియుచున్నది.

ఇచ్చట ఒక ప్రశ్న కలుగవచ్చును. కెర్నెల్ మారలేదు గదా! అది నేటికిని సంఖ్యను, చోటును, కొలతను వేరువేరుగనే అడుగును. మరి ఎవరో యొకరు ఆ పాత పిలుపును పిలువవలెను గదా! నిజమే. రస్టిక్స్, నిక్స్ వంటి గ్రంథాలయములు చేయు పని అదియే. పాత పిలుపుచుట్టు సన్నని కవచమును నిర్మించి, లోపల ఆ పిలుపును పిలుచుచోట అన్‌సేఫ్ అను గుర్తు వ్రాయుదురు. ఇచ్చట కంపైలర్ చూడజాలదు, నేను చూచితిని, పూచీ నాది అని దాని భావము. అపాయము మాయము కాలేదు. ఊరంతయు వ్యాపించి యున్నది నాలుగు గదులలోనికి చేరినది. నాలుగు గదులకు కావలి పెట్టుట సాధ్యమగు పని.

అయితే భద్రమను మాట తలుపుపై వ్రాసినంతనే గది భద్రము కాదు. ఇందులకు రస్ట్ చరిత్రలోనే ఒక నిదర్శనము గలదు. ప్రతి ప్రోగ్రామునకు పరిసర విలువలను పట్టిక యొకటి ఉండును. కాలమండలము, భాష మున్నగు సంగతులు అందుండును. దానిని మార్చుట సిస్టం కాల్ కాకున్నను దాని పొరుగుదే. 2015లో రస్ట్ ఈ పనిని భద్రమైనదిగా లెక్కించి, తన వంతు తాళమును వేసికొన్నది. కాని అదే ప్రోగ్రాములో పనిచేయు సీ భాషా గ్రంథాలయము ఆ తాళమును ఎరుగదు. ఒక వైపు రస్ట్ పట్టికను మార్చుచుండగా, మరియొక వైపు సీ భాగము దానిని చదువుచున్నచో, అప్పుడే విడువబడిన చోటును చదువు ప్రమాదము గలదు. పెక్కేండ్ల చర్చ జరిగిన మీదట, 2025 ఫిబ్రవరిలో వెలువడిన 2024 నాటి కూర్పులో ఈ పనిపై అన్‌సేఫ్ గుర్తు వేసిరి. పాత ప్రోగ్రాములు కొన్నిటిని దిద్దుకొనవలసి వచ్చినను, ఇచ్చిన మాట తప్పైనపుడు దానిని వెనుకకు తీసికొనుటయే నిజాయితీ.

కొన్ని చోట్ల కవచము చాలదు కూడ. 2019లో లినక్సులో చేరిన ఐఓ యూరింగ్ అను పద్ధతిలో, గిన్నెను కెర్నెల్ వద్ద వదలి వేరే పనికి పోవచ్చును. అది తీరికగా నింపును. నింపకముందే గిన్నెను తీసివేసినచో? ఇచ్చట ఎరువు సరిపోదు. పని ముగియు వరకు యజమాన్యమునే అప్పగించవలెను. మరియు లినక్సులో ప్రోగ్రాము మెమరీయే ఒక ఫైలువలె కనబడు ఏర్పాటు గలదు. ఆ ఫైలులో వ్రాయుట పైకి భద్రమైన పనియే యైనను, తన యిల్లు తాను కూల్చుకొన్నట్లగును. ఇట్టిది తమ హామీలో చేరదని రస్ట్ నిర్మాతలు ముందే చెప్పుకొనిరి.

ఇంతటి శ్రమకు ఫలమున్నదా? ఆండ్రాయిడ్ ఫోను వ్యవస్థలో 2019లో భద్రతాలోపములలో మెమరీకి సంబంధించినవి నూటికి 76. 2024 నాటికి 24. పాతదానినంతయు తిరుగ వ్రాసి సాధించిన ఫలితము కాదిది. క్రొత్తగా వ్రాయుదానిని మాత్రము ఎక్కువగా రస్ట్ వంటి భద్రమైన భాషలలో వ్రాయుచు వచ్చిరి. పాత భాగములలోని దోషములు కాలక్రమమున సరిచేయబడుచుండగా, క్రొత్త దోషములు పుట్టుట తగ్గినది. 2022 డిసెంబరులో లినక్సు కెర్నెల్ సైతము తన 6.1వ కూర్పులో రస్ట్‌కు తలుపు తెరచినది.

మనలో ప్రోగ్రాములు వ్రాయువారు కొందరే కావచ్చును. కాని ఫోనులో కుమారునికి సొమ్ము పంపు తల్లియు, రైలు టికెట్టు కొను రైతును తమకు తెలియకయే ఈ గిన్నెల మీద, ఈ బిళ్లల మీద ఆధారపడి యున్నారు. చెప్పుల కావలివాడు ఎంత మంచివాడైనను, పండుగనాటి జనసమ్మర్దములో ముఖములను జ్ఞాపకముంచుకొనుమని మనము వానిని అడుగము. అందులకే బిళ్ల నేర్పరచితిమి. కంప్యూటరు వాకిట నిలిచి పనిచేయు మనిషికిని అట్టి బిళ్లయే కావలెను.