గిండీ కాలేజీలో ఒక్క ఆడపిల్ల

పిల్లలూ! మన ముక్త్యాలకు కాస్త ఎగువన కృష్ణమ్మకు అడ్డంగా కట్టిన పులిచింతల ఆనకట్టను మీరు చూచే ఉంటారు. దానికి డాక్టర్ కె. ఎల్. రావుగారి పేరు పెట్టారు. కంకిపాడులో పుట్టిన ఆయన మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కాలేజీలో చదివి, దేశం మెచ్చిన ఇంజనీరు అయ్యారు. ఆ రోజుల్లో మన తెలుగు కుర్రవాళ్లు ఎందరో ఆ కాలేజీకి వెళ్లి చదువుకున్నారు.

కుర్రవాళ్లు అన్నాను, గమనించారా? 1794లో సర్వే బడిగా మొదలైన ఆ విద్యాలయంలో నూటనలభై ఏళ్లు దాటినా ఆడపిల్ల అడుగు పెట్టలేదు. ఆ తలుపు తెరిపించినది ఒక తెలుగు పిల్ల. ఆమె కథ చెబుతాను, వినండి.

ఆమె పేరు అయ్యలసోమయాజుల లలిత. 1919లో మద్రాసులో పుట్టింది. పదిహేనో ఏట పెళ్లి చేశారు. 1937లో భర్త చనిపోయాడు. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు. ఒడిలో నాలుగు నెలల పాప. అటువంటి పడుచును ఇంటి మూల కూర్చోబెట్టడమే అప్పటి లోకం తీరు. లలిత మాత్రం చదువుకొని, తన బిడ్డను తానే పెంచుకోవాలని నిశ్చయించుకుంది. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియెట్ మొదటి తరగతిలో ప్యాసయింది.

తరువాత ఏం చదవాలి? వైద్యం చదివితే, అర్ధరాత్రి పిలుపు వచ్చినా పాపను వదలి వెళ్లాలి. ఇంట్లో తండ్రీ, అన్నదమ్ములూ ఇంజనీర్లు. తానూ ఆ చదువే చదువుతానంది. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీలోనే విద్యుత్ శాఖలో ప్రొఫెసరు. ఆయన ప్రిన్సిపాలు చాకోగారినీ, విద్యాశాఖ డైరెక్టరు స్టాథం దొరగారినీ ఒప్పించి, కూతురిని చేర్పించారు.

వందలకొద్దీ మగపిల్లల మధ్య ఆమె ఒక్కతే! తోటి విద్యార్థులు మర్యాదగానే ఉన్నారు, సాయపడ్డారు కూడా. కాని సాయంత్రం హాస్టలుకు వస్తే పలకరించే తోడు లేదు. పాప బంధువుల ఇంట ఉండేది. సెలవు రోజుల్లో వెళ్లి చూచుకొనేది. ఈ ఒంటరితనం చూచి తండ్రి మరో ఉపాయం ఆలోచించారు. ఆడపిల్లలు కూడా చేరవచ్చునని కాలేజీ చేత ప్రకటన చేయించారు. మరుసటి ఏడాది లీలమ్మ జార్జి, పి. కె. త్రేసియా అనే ఇద్దరు సివిల్ శాఖలో చేరారు. ఒక్కరు ముగ్గురయ్యారు!

రెండో ప్రపంచయుద్ధం వల్ల చదువును కొన్ని నెలలు కుదించారు. అందుచేత ముగ్గురూ 1943లో కలిసే పట్టభద్రులయ్యారు. డిగ్రీ పత్రాల మీద ‘అతడు’ అన్న అర్థమిచ్చే ఇంగ్లీషు మాటే అచ్చయి ఉంది. దాన్ని కొట్టివేసి, ‘ఆమె’ అని దిద్ది ఇచ్చారట! తరువాత 1971లో త్రేసియా కేరళలో చీఫ్ ఇంజనీరు అయింది.

లలిత జమాల్‌పూరు రైల్వే కార్ఖానాలో శిక్షణ పొందింది. పిమ్మట కలకత్తాలో ఒక పెద్ద విద్యుత్ కంపెనీలో చేరి, భాక్రా నంగల్ ప్రాజెక్టు కరెంటు లైన్ల నమూనాలు తయారుచేసింది.

ఆ లైన్లకు అంత ఎత్తు స్తంభాలెందుకో తెలుసా? తీగలో కరెంటు పారితే కొంత శక్తి వేడిగా మారి వృథా అవుతుంది. వోల్టేజి పది రెట్లు పెంచితే, అంతే శక్తిని పదోవంతు కరెంటుతో పంపవచ్చు. అప్పుడు వృథా నూరోవంతుకు పడిపోతుంది. అంత వోల్టేజి ఉన్న తీగ నేలకు దగ్గరగా ఉంటే ప్రమాదం. అందుకే అంత ఎత్తున కట్టి, పళ్లేల దండలవంటి ఇన్సులేటర్లకు వేలాడదీస్తారు. వోల్టేజి పెరిగినకొద్దీ దండ పొడుగవుతుంది. మన పొలాల మీదుగా పోయే లైన్లను దూరం నుంచే చూచి, పళ్లేలెన్నో లెక్కపెట్టండి. స్తంభం దగ్గరికి మాత్రం పోకండి.

1964లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ మహాసభ జరిగితే లలితగారు వెళ్లివచ్చారు. 1979లో కన్నుమూశారు. నేడు ఇంజనీరింగు తరగతుల్లో ఆడపిల్లలు బారులు తీరి కూర్చుంటున్నారు.

తల్లిదండ్రులకు ఒక్కమాట. లలిత పట్టుదల ఎంత గొప్పదో, కూతురి కోసం వెళ్లి అడిగిన ఆ తండ్రి చొరవా అంత గొప్పది. మీ అమ్మాయి ఏదైనా చదువుతానంటే, ముందు ఆమె మాట పూర్తిగా వినండి.