ఆంగ్లపదముల ఉచ్చారణ



నేడు ఆంగ్లపదము చెవిని బడని దినము లేదు. పిల్లల పాఠములందును, వైద్యునియొద్దను, బ్యాంకులోను వానితో మనకు పని కలుగుచునే యున్నది. అయినను, తప్పు పలికిన నవ్వుదురేమో యను వెఱపున నెందఱో స్త్రీలు అడుగవలసినదానిని అడుగక యూరకుండుట మేము చూచుచున్నాము. ఈ వెఱపు తీఱవలెనన్న తప్పునకు మూలమేదో తెలియవలెను.

తెలుగున చాలవఱకు వ్రాసినట్లే పలుకుదుము. ఆంగ్లమున నట్లు కాదు. 1476వ సంవత్సరమున కాక్స్టన్ అనునాతడు ఇంగ్లండునకు అచ్చుయంత్రమును దెచ్చెను. అటుపిమ్మట వ్రాత క్రమముగా స్థిరపడెను గాని, జనుల నోట పలుకుబడి మాఱుచునే యుండెను. కత్తికి పేరైన 'నైఫ్' మొదటనున్న 'కె' పూర్వము పలుకబడుచుండెడిది. నేడు వ్రాతలోనే మిగిలినది. అప్పునకు పేరైన 'డెట్'లోని 'బి'ని, 'రిసీట్'లోని 'పి'ని లాటిను భాషపై మక్కువచే చేర్చిరి. ద్వీపమను నర్థముగల 'ఐలండ్'లోని 'ఎస్' చేరుట కేవలము పొరపాటు; లాటిను పదముతో లేని చుట్టఱికమును కల్పించిరి. ఈ యక్షరములను పలుకరాదు.

ఇక ఇంటిలోని మాటలు. గిన్నెను 'బౌల్' అనరాదు, 'బోల్' అనవలెను. అలమార 'కప్‌బోర్డ్' కాదు, 'కబర్డ్'. కుట్టుట 'స్యూ' కాదు, 'సో'. కొళాయి బాగుచేయువాడు 'ప్లంబర్' కాదు, 'ప్లమర్'. కూరగాయను 'వెజ్‌టబుల్' అని మూడు ముక్కలుగా పలుకవలెను. బుధవారము 'వెన్జ్‌డే'. మన పేరే చూడుడు: ఒక్క స్త్రీ 'వుమన్', పలువురైన 'విమిన్'. వ్రాతలో మాఱునది చివరి యచ్చు, పలుకులో ముఖ్యముగా మాఱునది మొదటిది!

మఱియొక సంగతి. మనము అక్షరములన్నిటిని సమముగా పలుకుదుము. ఆంగ్లేయులు ఒక్కదానిని ఒత్తి పలుకుదురు. 'హోటల్', 'డెవలప్' అను మాటలలో ఆ యొత్తు రెండవ భాగముమీద నుండవలెను. కావున ఈ భాషను కంటితో గాక చెవితో నేర్వవలెను. నేడు ఫోనులోని నిఘంటువులు మాటను పలికి వినిపించుచున్నవి. విని, రెండుమూడు మాఱులు బిగ్గఱగా పలికిన చాలును. పిల్లలు తప్పినప్పుడు నవ్వక, వారితో కలసి వినుడు.

అయితే రోడ్డు, కప్పు, స్టేషను వంటివి మన నోట తెలుగైనవి. తెలుగు మాటలాడునపుడు వానిని మార్చ బనిలేదు. ఆంగ్లేయులును మన 'పందికొక్కు'ను 'బాండికూట్'గా మార్చుకొని, ఆస్ట్రేలియాలోని వేఱొక జంతువునకు గూడ ఆ పేరే పెట్టిరి. అందులకు వారు సిగ్గుపడినట్లు లేదు. పరభాషాపదము తప్పిపోవుట అజ్ఞానము గాదు. దిద్దుకొనదగిన యలవాటు మాత్రమే. దిద్దుకొనుచునే నోరు విప్పి మాటలాడుడు. మందు మోతాదును గూర్చియో, బిడ్డ చదువును గూర్చియో అడుగకుండుటకంటె తప్పుగానైన నడుగుట మేలు.