చిలుక కాలికి చిన్న దెబ్బ తగిలితే...

అల్ రాయ్‌లోని సూక్ అల్ జుమాకి సరదాగా వెళ్ళి, పిల్లలు మారాం చేస్తే ఒక పంజరంతో తిరిగొచ్చిన తెలుగు కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి. మన దేశంలో రామచిలుకను పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇక్కడ మాత్రం బడ్జీలు, కాకటీల్‌లు, ఆఫ్రికన్ గ్రేలు మన ఫ్లాట్లలో ఇంటి మనుషుల్లా కలిసిపోయాయి. తమ్ముడో చెల్లెలో లేని పిల్లలకు అదే తోడు. అలాంటి నేస్తం ఓ శుక్రవారం కాలు పైకెత్తి కుంటుతూ కనిపిస్తే ఏం చేయాలి?

చిలుకకు కాలు మనకు చేయిలాంటిది. రెండు వేళ్ళు ముందుకు, రెండు వెనక్కు ఉంటాయి. వాటితోనే ఎక్కుతుంది, పట్టుకుంటుంది. పెద్ద చిలుకలైతే కాలితోనే తిండి నోటికి అందించుకుంటాయి. పైగా పక్షులు నొప్పిని చివరిదాకా దాచుకుంటాయి. కాబట్టి చిన్న కుంటునైనా తేలిగ్గా తీసుకోకూడదు.

ముందు రక్తం ఆపాలి

పక్షి ఒంట్లో రక్తం దాని బరువులో సుమారు పదోవంతు. 90 గ్రాముల కాకటీల్‌కి 9 మిల్లీలీటర్లు, అంటే రెండు టీస్పూన్లకు కూడా తక్కువే! అందుకే మనకు లెక్కలోకి రాని నెత్తురు దానికి ప్రాణాంతకం కావచ్చు.

మెత్తటి తువాలుతో పక్షిని చుట్టి పట్టుకోండి. పక్షికి మనలా ఉదరవితానం ఉండదు. ఛాతీ కదిలితేనే ఊపిరి ఆడుతుంది కనుక రొమ్ము మీద నొక్కకూడదు. శుభ్రమైన గాజు గుడ్డతో గాయాన్ని రెండు మూడు నిమిషాలు సుతారంగా అదిమి పట్టాలి. గోరు విరిగి రక్తం కారుతుంటే వంటింట్లోని కార్న్‌ఫ్లోర్ అద్దితే ఆగుతుంది. పది నిమిషాలకీ ఆగకపోతే ఇంటి వైద్యం కట్టిపెట్టి పశువైద్యుడి దగ్గరకు పరుగెత్తాల్సిందే.

తరువాత శుభ్రం చేయాలి

ఫార్మసీలో దొరికే నార్మల్ సెలైన్‌తో గాయాన్ని కడగండి. పొవిడోన్ అయోడిన్ వాడదలిస్తే పలచటి టీ రంగు వచ్చేదాకా నీళ్ళు కలిపి వాడాలి. మన అలవాటు కొద్దీ పసుపు కలిపిన నూనె, వెన్న, నొప్పి బామ్ రాయకండి. జిడ్డు ఈకలకు అంటితే ఒంటి వేడి నిలవదు. పక్షి దాన్ని ముక్కుతో తీసి మింగేస్తుంది కూడా. మనుషుల నొప్పి మాత్రలు, తిమ్మిరి మందు కలిసిన ఆయింట్‌మెంట్లు అసలే వద్దు.

రెండు రోజులు విశ్రాంతి

పంజరం అడుగున మెత్తటి గుడ్డ పరిచి, కూర్చునే కర్రను, తిండి గిన్నెలను కిందికి దించండి. ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి. అలాగని బాల్కనీలో పెట్టకండి. 2016 జూలైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం ఇది!

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

కాలు వాచినా, వేలు నల్లబడినా, కాలు వంకరగా వేలాడినా, మర్నాటికీ దాని మీద బరువు మోపకపోయినా ఆలస్యం చేయవద్దు. పిల్లి కరిచినా, గీరినా గాయం ఎంత చిన్నదైనా అదే రోజు చూపించాలి. కాలి రింగు బిగుసుకుపోతే ఇంట్లో కత్తిరించే ప్రయత్నం చేయకండి, ఎముక విరుగుతుంది. సెలవు రోజున వెతుక్కోకుండా, పక్షులను చూసే వైద్యుడి నంబరు ముందే రాసిపెట్టుకోండి.

అసలు గాయాలెందుకు?

చాలావరకు కారణం పంజరమే. ఇసుక కాగితం చుట్టిన కర్రలు అరికాలిని గీరేస్తాయి. ఒకే లావున్న నున్నటి కర్ర మీద ఎప్పుడూ కూర్చుంటే అరికాలు ఒకేచోట ఒరిసి పుండుపడుతుంది. మందులు చల్లని చెట్టు కొమ్మలను రకరకాల లావుల్లో, ముళ్ళు తీసి అమర్చండి. బొమ్మల తాళ్ళ దారాలు వేళ్ళకు చుట్టుకోకుండా రోజూ చూడండి. వట్టి పొద్దుతిరుగుడు గింజలే పెడితే విటమిన్ ఎ లోపించి అరికాలి చర్మం దెబ్బతింటుంది. క్యారెట్, చిలగడదుంప, ఆకుకూరలు అలవాటు చేయండి. అవకాడో మాత్రం చిలుకలకు విషమని మరవకండి.

సెలైన్ సీసా, గాజు గుడ్డ, కార్న్‌ఫ్లోర్, చిన్న తువాలు ఒక డబ్బాలో పెట్టి పంజరం పక్కనే ఉంచండి. ఆ డబ్బా సర్దే పని పిల్లలకే అప్పగించండి. ముద్దు చేయడమే కాదు, కనిపెట్టుకుని ఉండటం కూడా ప్రేమేనని వాళ్ళకు తెలిసొస్తుంది.