పనిచేసే మనిషితో పేచీ వచ్చినప్పుడు

మన సొసైటీకి చేయూతనిస్తున్న దాతల్లో చాలామంది చిన్న వ్యాపారులే. బట్టల దుకాణం, చెప్పుల షాపు, బేకరీ, హార్డ్‌వేర్, టెంట్ హౌస్... నలుగురి నుంచి పదిమంది దాకా పనిచేసే చోట్లు. ఇక్కడ మేనేజరంటూ వేరే మనిషి ఉండడు. యజమానో, గల్లా మీద కూర్చునే తమ్ముడో కొడుకో ఆ పని చూసుకుంటారు. మా దగ్గరికి సహాయం కోసం వచ్చే కుటుంబాల పిల్లలను ఈ షాపుల్లోనే పనికి కుదురుస్తుంటాం కాబట్టి, తర్వాత వచ్చే పేచీలు కూడా మా ఆఫీసు మెట్లెక్కుతాయి. రెండు పక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడిన అనుభవంతో ఇది రాస్తున్నాం.

ముందు మా పొరపాటు చెప్పుకోవాలి. కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి, "తండ్రి లేని పిల్లవాడు భాయ్, కాస్త చూసుకోండి" అని అప్పజెప్పి వచ్చేవాళ్ళం. జీతం ఎంత, ఏ తేదీన, సెలవులెన్ని అనే మాట ఎత్తేవాళ్ళం కాదు. పుణ్యకార్యంలో బేరం ఏమిటని మొహమాటం. కుర్రాడు పదింటికి రావలసింది పదకొండింటికి వస్తాడు. యజమాని జాలిపడి ఊరుకుంటాడు. మూడు నెలలు ఊరుకున్నవాడు ఒక సాయంత్రం షాపు నిండా జనం ఉండగా, "రేపటి నుంచి రావొద్దు" అని అరుస్తాడు. యజమాని లెక్కలో అది మూడు నెలల ఓపిక. కుర్రాడి లెక్కలో ఒక్క గంట ఆలస్యానికి పడిన శిక్ష. ఇద్దరూ నిజమే చెబుతారు. బావమరిదిని, పిన్ని కొడుకును పనిలో పెట్టుకున్న ఇళ్ళలోనూ ఇదే కథ, కాకపోతే అక్కడ పేచీ పెళ్ళిళ్ళ దాకా పాకుతుంది.

జీతం దానం కాదు, పనికి ఇచ్చే సొమ్ము. అందుకే ఇప్పుడు మేము చేర్పించే రోజే ఒక కాగితం రాయిస్తున్నాం. జీతం, జీతం తేదీ, పని వేళలు, వారపు సెలవు, శుక్రవారం నమాజుకు వెళ్ళే సమయం, అడ్వాన్సు ఇస్తే ఎలా తీరుస్తారు... అంతే. ఇద్దరి సంతకాలు, చెరొక నకలు. తర్వాత ఆలస్యం జరిగితే రెండోసారికే పక్కకు పిలిచి ఆ కాగితం చూపించవచ్చు. కోపం అక్కరలేదు. కారణం కూడా అడగాలి. తల్లికి డయాలసిస్ ఉన్న రోజుల్లో ఆలస్యంగా వస్తున్న కుర్రాడికీ, రాత్రి రెండింటి దాకా ఫోను చూసి లేవలేని కుర్రాడికీ ఒకే మందు పనిచేయదు. మొదటివాడికి వేళ మార్చాలి, రెండోవాడికి గడువు పెట్టాలి.

అన్నిటికన్నా ఎక్కువ ఇళ్ళు చెడగొట్టేది గల్లాలో డబ్బు తగ్గడం. మా సభ్యుల్లో ఒకరి బట్టల దుకాణంలో జరిగిన సంగతి ఇది, ఆయన అనుమతితో పేరు లేకుండా చెబుతున్నాం. రంజాన్ పండక్కి పది రోజుల ముందు, రాత్రి లెక్క చూస్తే ఎనిమిదిన్నర వేలు తక్కువ. ఆ రోజు కౌంటరులో ఉన్నది నాలుగేళ్ళుగా పనిచేస్తున్న కుర్రాడు. కొనుగోలుదారులు ఇంకా ఉండగానే అతని జేబులు వెతికించారు. ఏమీ దొరకలేదు. అయినా రావొద్దన్నారు. నాలుగో రోజు తేలిందేమిటంటే, పార్సిల్ ఆఫీసు నుంచి బేలు విడిపించడానికి సేఠ్ సొంత తమ్ముడే ఆ డబ్బు తీసుకెళ్ళాడు, చీటీ రాయడం మరిచాడు.

సేఠ్ మంచి మనిషి. మమ్మల్ని వెంటబెట్టుకుని కుర్రాడి ఇంటికి వెళ్ళి మాఫీ అడిగారు. తల్లి చాయ్ ఇచ్చింది. కుర్రాడు మాత్రం ఒక్క మాట అన్నాడు: "జేబులు పదిమంది ముందు వెతికారు, మాఫీ మా ఇంట్లో అడిగితే ఎట్లా భాయ్?" మా దగ్గర జవాబు లేదు. మర్నాడు సేఠ్ దుకాణంలో అందరినీ పిలిచి జరిగింది చెప్పారు. కుర్రాడు తిరిగి పనికి రాలేదు. అప్పటికే వెళ్ళిపోదామనుకుంటున్న మిగతా ఇద్దరు ఆగారు.

మనిషిని అనుమానించే ముందు లెక్కను అనుమానించాలి. పొద్దున గల్లాలో ఎంత పెట్టి మొదలుపెట్టారు, ఫోన్‌పేలో వచ్చినదాన్ని నగదులో కలిపి లెక్కించారా, వాపసు వచ్చిన సరుకుకు తిరిగిచ్చిన డబ్బు రాశారా, ఇంట్లోవాళ్ళెవరైనా తీసుకున్నారా. యజమాని తీసినా సరే, గల్లాలో చీటీ పడాలి. ఒక వేళలో ఒక్కరే గల్లా చూడాలి, మరొకరికి అప్పగించేటప్పుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టుకోవాలి. ఇంత చేసినా తేలకపోతే, షాపు మూసిన తర్వాత, పెద్దమనిషి ఒకరిని పక్కన పెట్టుకుని, ఆ పూట ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమనాలి. "నువ్వే తీశావా?" అని మొదలుపెడితే అతను తన పరువు కాపాడుకోవడంలో పడతాడు, లెక్క అక్కడే ఆగిపోతుంది.

తగ్గిన సొమ్మును నలుగురి జీతాల్లో సమానంగా కోసేయడం మన బజారులో మామూలే. చట్టం దాన్ని ఒప్పుకోదు. ఎవరి చేతికి అప్పగించిన డబ్బో, ఎవరి నిర్లక్ష్యం వల్ల పోయిందో, అతని వాదన విన్నాకే అతని దగ్గర కోయవచ్చు. జరిమానాకూ హద్దుంది. అది జీతంలో 3 శాతం దాటకూడదు, అంటే 12,000 రూపాయల జీతానికి 360. అదీ సంజాయిషీ విన్నాకే. దొంగతనం నిజంగానే రుజువైతే సీసీ కెమెరా దృశ్యాలు భద్రపరిచి ఫిర్యాదు చేయడమా, పెద్దల్లో తేల్చుకోవడమా అన్నది యజమాని ఇష్టం. కొట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం, ఆధార్ కార్డో బండి తాళమో లాక్కోవడం చేస్తే కేసు యజమాని మీదికే తిరుగుతుంది.

అడ్వాన్సు తీసుకుని మానేసేవాళ్ళ గురించి కూడా దాతలు మాతో మొరపెట్టుకుంటారు. ఆ బాధ న్యాయమైనదే. పెళ్ళికో ఆస్పత్రికో ముప్పై వేలు ఇచ్చి నెలకు ఎంత కోయాలో రాసుకోకపోతే, కుర్రాడికి ఆ అప్పు ఎప్పటికీ తీరనట్టే కనిపిస్తుంది. పక్క బజారులో వెయ్యి ఎక్కువ ఇస్తామంటే మాయమవుతాడు. కాని బాకీ ఉంది కనుక ఇక్కడే పనిచేసి తీరాలనే హక్కు యజమానికి లేదు. అప్పు కింద మనిషిని కట్టిపడేయడాన్ని 1976 నాటి చట్టంతోనే రద్దు చేశారు. బాకీని బాకీగానే, వాయిదాల్లో రాబట్టుకోవాలి.

ఇక పంపించక తప్పదనుకుంటే, తెలంగాణలో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఆరు నెలలకు మించి పనిచేసినవారికి సరైన కారణం చూపాలి, నెల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, లేదా నెల జీతం ఇవ్వాలి. ఐదేళ్ళు దాటినవారికి ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం ఉంటుంది. తప్పు చేశాడని తీసేస్తే ఆరోపణ రాసిచ్చి, జవాబు తీసుకుని, విచారించాలి. పంపిన తర్వాత రెండు పనిదినాల్లో బాకీ జీతం మొత్తం చేతికివ్వాలి. "వచ్చే నెల రా, చూద్దాం" అనడం వల్లే ఎక్కువ పేచీలు మా దాకా వస్తున్నాయి. తాళంచెవులు తీసుకోవడం, షాపు వాట్సాప్ గ్రూపు నుంచి నంబరు తీసేయడం, బిల్లింగ్ కంప్యూటరు పాస్‌వర్డు మార్చడం అదే రోజు చేయాలి. ఎన్నేళ్ళు, ఏ పని చేశాడో చెప్పే కాగితం ఒకటి రాసివ్వాలి. వేరే దుకాణం వాళ్ళు ఫోను చేసి అడిగితే ఆ కాగితంలో ఉన్నదే చెప్పండి. అనుమానాలు చెప్పొద్దు. ఆ బట్టల దుకాణం కుర్రాడికి కొత్త చోట పని కుదరడానికి ఐదు నెలలు పట్టింది, అలాంటి ఫోను మాటల వల్లే.